జాడీ ఒకటి, ఖాళీ

నాయనమ్మ ట్రంకుపెట్టెలో ఒక ఏనుగు బిళ్ల ఉండేది. రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దది. అడ్డంగా పెట్టిన రెండు కత్తులు, వాటి ముందు నిలబడ్డ ఏనుగు. వేసవి సెలవులకి తెనాలి దగ్గర మా ఊరు వెళ్లినప్పుడల్లా పిల్లలందరికీ దాని మీదే కన్ను. అది గుళ్లో ఇచ్చిన బిళ్ల అని మా అత్తయ్య కొడుకు, సర్కస్ వాళ్లదని నేను కొట్టుకునేవాళ్లం. నాయనమ్మ ఎప్పుడైనా మంచి మూడ్‌లో ఉంటే చేతికి ఇచ్చేది. ఒక్క నిమిషం చూసి మళ్లీ ఇచ్చెయ్యాలి. "మీ చిన్నతాత టోపీది" అనేది. ఇంకేం చెప్పేది కాదు.

చిన్నతాత అంటే మా తాతయ్య తమ్ముడు. మాకు తెలిసిందల్లా గోడ మీద ఫొటో. మద్రాసులో ఏదో స్టూడియోలో తీయించుకున్నది. పెదాలు గట్టిగా బిగించి, కాస్త కోపంగా ఉన్నట్టుంటాడు. భుజం మీద ఒక్క నక్షత్రం. ఊళ్లో ఆయన్ని "కెప్టెన్ గారు" అనేవారు. ఒక్క నక్షత్రం అంటే సెకండ్ లెఫ్టినెంట్ అని, అప్పట్లో ఆఫీసర్లలో అదే అందరికన్నా కింది మెట్టని, ఇప్పుడు ఆ హోదానే తీసేశారని నాకు చాలా ఏళ్లకి తెలిసింది. కెప్టెన్ అవ్వాలంటే ఇంకొన్నేళ్లు బతకాలి. ఈయన 23 ఏళ్లకే పోయాడు. ప్రమోషన్ మా ఊరు ఇచ్చుకుంది.

ఊరు ఇంకా చాలా ఇచ్చింది. ఒక్కడే మూడు ట్యాంకులు పేల్చాడని రచ్చబండ దగ్గర చెప్పుకునేవారు. నా చిన్నతనంలో మూడు. నేను ఇంటర్‌కి వచ్చేసరికి అయిదయ్యాయి.

నేను దీన్ని పట్టుకుని వెతకడం మొదలుపెట్టింది 2019లో. ఆ ఫిబ్రవరి 25న ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం ప్రారంభించారు. టీవీలో చూపిస్తుంటే, అప్పటికి 80 దాటిన నాయనమ్మ చూసి, "ఏరా, అందులో మనవాడి పేరు రాశారంటావా?" అని అడిగింది. స్వాతంత్ర్యం వచ్చాక చనిపోయిన ఇరవై అయిదు వేల మందికి పైగా సైనికుల పేర్లు ఉంటాయట, మనవాడిదీ ఉంటుందిలే అన్నాను. "ఉంటుందిలే అంటే ఎట్లా, చూసి చెప్పు" అంది.

ఆఫీసు పని మీద ఢిల్లీ వెళ్లినప్పుడు చూద్దామని వెళ్లాను. త్యాగ చక్రం అని గుండ్రంగా వరసలు వరసలుగా గోడలు. ఒక్కో జవానుకి ఒక్కో గ్రానైట్ పలక, దాని మీద బంగారు రంగు అక్షరాలు. ఎండ మాడిపోతోంది. పేర్లు వెతుక్కోవడానికి అక్కడ స్క్రీన్లు పెట్టారు. మా ఇంటిపేరు కొట్టాను, రాలేదు. ఆయన పేరు కొట్టాను, వందమంది వచ్చారు. చివరికి తెలిసిందేమంటే, మనం ముందు పెట్టుకునే ఇంటిపేరు వాళ్ల దగ్గర వెనక్కి పోయింది, పైగా స్పెల్లింగ్‌లో ఒక 'హెచ్' ఎక్కువ పడింది. ఆ గోడ దొరికి, ఆ పలక ముందు నిలబడేసరికి గంటన్నర పట్టింది. ఫొటో తీసి వాట్సాప్‌లో నాన్నకి పంపాను. నాన్న నాయనమ్మకి చూపించాడు. ఏడుస్తుందేమోనని టెన్షన్ పడ్డాను. ఆవిడ ఫొటో చూసి, "ఇంటిపేరు చివర పెట్టారేంటి, వీళ్లకి రాయడం రాదా?" అందట.

అక్కడితో ఆగేవాణ్ణే. కానీ ఆ పలక మీద పేరు, ర్యాంకు, రెజిమెంటు తప్ప ఏమీ లేదు. గోడ మీది ఫొటోకీ దీనికీ తేడా ఏముంది అనిపించింది. ఊరికి వచ్చాక, ట్రంకుపెట్టె తెరవమని నాయనమ్మని బతిమాలాను.

పెట్టెలో అడుగున ఓ యాభై దాకా ఇన్లాండ్ లెటర్లు, కొన్ని కవర్లు. పంపినవారి దగ్గర ఆయన పేరుకి ముందు ఇంగ్లీషులో 'ఇ.సి.' అని, తరవాత ఒక నంబరు. అడ్రసు ఊరూ పేరూ లేకుండా కేరాఫ్ 56 ఎ.పి.ఒ. మిలటరీ పోస్టాఫీసు నంబరు అది. ఆ 'ఇ.సి.' ఏమిటో తెలుసుకుంటే సగం కథ అక్కడే దొరికింది. 1962 అక్టోబరు, నవంబరులో చైనా చేతిలో దెబ్బ తిన్నాక సైన్యానికి ఆఫీసర్లు చాలలేదు. మామూలు పద్ధతిలో ఏళ్ల తరబడి తయారు చేసే టైము లేదు. డిగ్రీ చదివిన కుర్రాళ్లని తీసుకుని, నెలల్లో తర్ఫీదు ఇచ్చి, ఎమర్జెన్సీ కమిషన్ అని ఇచ్చారు. ఇ.సి. అంటే అదే. అందుకోసమే 1963 జనవరిలో మద్రాసు పరంగిమలైలో ఆఫీసర్స్ ట్రైనింగ్ స్కూల్ కొత్తగా తెరిచారు. మా చిన్నతాత వెళ్లింది దానికే. నేను తెలియక ముందు నీలగిరుల్లో వెల్లింగ్టన్‌లో ఉన్న మద్రాస్ రెజిమెంట్ రికార్డు ఆఫీసుకి రాశాను. జవాన్ల రికార్డులే మా దగ్గర ఉంటాయి, ఆఫీసర్లవి ఢిల్లీలో ఆర్మీ హెడ్‌క్వార్టర్స్‌లో ఉంటాయి అని మర్యాదగా జవాబు వచ్చింది.

రికార్డులు చెప్పనిది నాయనమ్మ చెప్పింది. అదీ ఒక్కసారి కాదు. పప్పు రుబ్బుతూ ఒక ముక్క, మందులు వేసుకుంటూ ఒక ముక్క.

మా ముత్తాత బడిపంతులు. చిన్నకొడుకు గుంటూరు ఏసీ కాలేజీలో బీఏ అయ్యాక తనలాగే టీచరు అవ్వాలని ఆయన పట్టు. రోజూ పొద్దున్నే భగవద్గీత ఒక అధ్యాయం చదివేవాడు. కొడుకు మిలటరీ మాటెత్తగానే మూడో అధ్యాయం తీసి, "స్వధర్మే నిధనం శ్రేయః పరధర్మో భయావహః" అని వినిపించి, పంతులు కొడుకుకి తుపాకీ పరధర్మం అని తేల్చేశాడట. ఆ రోజుల్లో ఆ ఇంట్లో మావగారికి ఎదురు చెప్పడం అంటే మాటలా. ఇంటర్వ్యూకి బెంగళూరు వెళ్లడానికి రైలు ఖర్చులు మా నాయనమ్మ పోపుల డబ్బాలోంచి తీసి ఇచ్చింది. ఆవిడ ఆయనకి వదిన, వయసులో నాలుగేళ్లే పెద్ద. స్నేహితుడి పెళ్లికి అని ఇంట్లో చెప్పి బయల్దేరాడు.

"పదిహేను రూపాయలు" అంది నాయనమ్మ. అంతకుముందు చెప్పినప్పుడూ అంతే చెప్పింది, తరవాతా అంతే. మిగతా లెక్కలన్నీ మారేవి గానీ ఆ పదిహేను మారలేదు.

ఉత్తరాలన్నీ అందుకే ఆవిడ పేరు మీద వచ్చాయి. "మ.ల.సౌ. వదినగారికి నమస్కరించి వ్రాయునది, ఉభయకుశలోపరి" అని మొదలుపెట్టి, రెండో వాక్యంలోనే ఆ పెద్దరికం వదిలేసి ఆకలి గురించి రాసేవాడు. పరంగిమలైలో పరిగెత్తించి పరిగెత్తించి చంపుతున్నారని, రాత్రి కలలో కూడా బూట్లు పాలిష్ చేస్తున్నానని ఒక ఉత్తరం. ఇంగ్లీషు పర్వాలేదు గానీ హిందీ రాక అవస్థ పడుతున్నానని ఇంకోటి. మద్రాస్ రెజిమెంట్‌కి వేశాక ఆ బాధ కొంత తీరింది. అందులో తమిళులు, మలయాళీలు, తెలుగువాళ్లు, కన్నడిగులు కలిసి ఉంటారు. దాంతో నాలుగు భాషలూ కలగలిపి తిట్టడం నేర్చుకున్నానని రాశాడు. ఆ వాక్యం దగ్గర నాయనమ్మ ఇప్పటికీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

అన్నిటిలోకీ నాకు నచ్చింది రెజిమెంట్‌లో చేరిన మొదటి వారం రాసింది. మిగతా అంతా మామూలే, చివర ఒక్క వాక్యానికి కింద రెండు గీతలు కొట్టాడు. మా రెజిమెంట్ ఆదర్శవాక్యం ఏమిటో నాన్నగారికి చెప్పండి వదినా, ఆయన శ్లోకమే, "స్వధర్మే నిధనం శ్రేయః" అని. తండ్రి మీద గెలిచానన్న సంబరం ఆ రెండు గీతల్లో ఉంది. ఆ వాక్యం నిజంగానే మద్రాస్ రెజిమెంట్‌ది. ఏనుగు కూడా వాళ్లదే, 1803లో అస్సాయే యుద్ధం నాటి నుంచి వచ్చిన గుర్తు. నాయనమ్మ ఆ ఉత్తరం మావగారికి చదివి వినిపించింది. ఆయన ఏమన్నాడు అని అడిగాను. "ఏమంటాడు, మజ్జిగ పొయ్యమన్నాడు" అంది. కానీ ఆ సాయంత్రం అరుగు మీద ఎవరితోనో, మావాడి రెజిమెంటుకి గీత తెలుసు అని చెప్పుకున్నాడట.

1965 సంక్రాంతికి సెలవు మీద వచ్చాడు. అదే ఆఖరు. అప్పుడు తొమ్మిదేళ్ల వాడు మా నాన్న. బాబాయి తన బూట్లు తొడిగి నడిపించాడని, వాటిలో కాళ్లు మోకాళ్ల దాకా దిగిపోయాయని, అంతకుమించి తనకి ఏమీ గుర్తులేదని నాన్న అంటాడు. తిరిగి వెళ్లేటప్పుడు నాయనమ్మ ఒక పింగాణీ జాడీ నిండా గోంగూర పచ్చడి పెట్టి, మూతికి గుడ్డ కట్టి ఇచ్చింది. మద్రాస్ మెయిల్‌లో పెట్టె కంటే దాన్నే జాగ్రత్తగా ఒళ్లో పెట్టుకుని వెళ్లాడు.

ఆ సెప్టెంబరు సంగతి నేను పుస్తకాల్లో చదివి, పటం పక్కన పెట్టుకుని అర్థం చేసుకున్నాను. 1న పాకిస్తాన్ ఛంబ్ మీద దాడి చేసింది. 6న మనవాళ్లు లాహోర్ వైపు సరిహద్దు దాటారు. 7వ తేదీ రాత్రి, తెల్లవారితే 8, సియాల్‌కోట్ వైపు. అక్కడ మన ట్యాంకుల డివిజన్ ముందుకు పోవాలంటే సరిహద్దుకి దగ్గరలో ఉన్న మహారాజ్‌కే, చార్వా అనే ఊళ్లని ముందు కాల్బలం పట్టుకోవాలి. మద్రాస్ రెజిమెంట్ యుద్ధ గౌరవాల జాబితాలో మహారాజ్‌కే పేరు ఇప్పటికీ ఉంది. మా చిన్నతాత ఆ రాత్రే పోయాడు. అంటే ట్యాంకులు పేల్చడం మాట అటుంచి, అవి కదలకముందే ఆయన కథ అయిపోయింది. ఈ సంగతి మా ఊళ్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు. ఆ అయిదు ట్యాంకులూ ఎవరికీ అడ్డం కాదు, ఉండనిద్దాం.

ఆ రాత్రి చూసిన మనిషి ఒక్కరైనా దొరుకుతారేమోనని మాజీ సైనికుల గ్రూపుల్లో అడుగుతూ పోయాను. అలా తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరంలో ఒక పెద్దాయన తగిలారు. ఆ ఊరి పేరే అంత, ఏ ఇంట్లో చూసినా సైన్యంలో చేసినవాళ్లు ఉంటారు. ఆయనదీ అదే బెటాలియన్, కంపెనీ వేరు. నేను తీసుకెళ్లిన ఫొటో చూసి చాలాసేపు గుర్తుపట్టలేదు. ఆ రాత్రి గురించి మాత్రం చెప్పారు. నోరు ఎత్తకూడదని, బీడీ వెలిగించకూడదని ఆర్డరు. చెరుకు తోటల పక్కనుంచి నడిచారు. "వెన్నెల బాబూ, వెధవ వెన్నెల. పిండారబోసినట్టు ఉంది. అందరం దాన్నే తిట్టుకున్నాం" అన్నారు. ఇంటికొచ్చి పాత పంచాంగం లెక్క చూస్తే నిజమే, భాద్రపద పున్నమికి రెండు మూడు రోజుల ముందు.

ఇక లేచి వస్తుంటే ఆయన వెనక నుంచి పిలిచి, "ఆ తెలుగు సారుకి కింద పన్ను ఒకటి సగం విరిగి ఉండేదా?" అని అడిగారు. నాకు తెలియదు. ఫొటోలో నోరు మూసుకుని ఉన్నాడు కదా. అక్కడి నుంచే నాయనమ్మకి ఫోన్ చేశాను. ఒక్క క్షణం ఏమీ మాట్లాడలేదు. తరవాత, "చింతచెట్టు మీంచి పడ్డాడు, పదమూడో ఏట. అందుకే ఫొటో దిగేటప్పుడు నవ్వేవాడు కాదు. నీకెవరు చెప్పారు?" అంది. అరవై ఏళ్లుగా మేం కోపం అనుకున్నది విరిగిన పన్ను.

టెలిగ్రాం వచ్చేసరికి మహాలయ పక్షాలు నడుస్తున్నాయి. మా ముత్తాత తన తండ్రికి తర్పణం వదిలి లేచిన రోజే వచ్చిందని నాయనమ్మ చెప్పింది. శరీరం రాలేదు. అప్పట్లో సరిహద్దు దగ్గరే దహనం చేసేసేవారు. పదిరోజులు గడిచాక పురోహితుడు అడిగిన ప్రశ్నకి ఇంట్లో ఎవరి దగ్గరా జవాబు లేదు. ఏటా ఆబ్దికం పెట్టాలంటే తిథి కావాలి, తిథి తెలియాలంటే ప్రాణం ఏ జామున పోయిందో తెలియాలి. రాత్రి అంటారు. రాత్రంటే ఎప్పుడు? అర్ధరాత్రికి ముందా, తెల్లవారుఝామా? మా తాతయ్య మిలటరీవాళ్లకి ఉత్తరం కూడా రాశాడట. తిథి అంటే ఏమిటో ఇంగ్లీషులో వివరించడానికే ఒక పేజీ పట్టిందట. చివరికి పురోహితుడే ఒక తిథి నిర్ణయించాడు, తప్పయితే ఆ పాపం నాది అని.

గీత చదవడం మా ముత్తాత మానలేదు. కానీ మూడో అధ్యాయం వచ్చిన రోజున 34వ శ్లోకం చదివి, ఒక్క ఊపిరి ఆగి, 36 ఎత్తుకునేవాడు. ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ అడగలేదు.

కొన్ని నెలలకి ట్రంకుపెట్టె వచ్చింది, ఈ పెట్టే. యుద్ధానికి కదిలేటప్పుడు వెనక వదిలి వెళ్లిన సామాను. చనిపోయినవాళ్ల వస్తువులు లెక్కగట్టి, మెస్ బిల్లుల్లాంటి బాకీలు ఉంటే తీర్చి, మిగిలింది ఇంటికి పంపడానికి సైన్యంలో ఒక కమిటీ వేస్తారు. దాని పేరు కమిటీ ఆఫ్ అడ్జస్ట్‌మెంట్. బస్సులో పక్కకి జరగమనడానికి మనం వాడే మాట. ఆ కమిటీ టైపు చేసిన జాబితా పెట్టె మూత లోపల అతికించినట్టే ఉంది, కాగితం పసుపెక్కి మడతల దగ్గర చిరిగింది. స్వెట్టర్లు రెండు. గడ్డం గీసుకునే సెట్టు ఒకటి. చేతిరుమాళ్లు నాలుగు. హిందీ నేర్చుకునే పుస్తకం ఒకటి. తెలుగు వారపత్రికలు ఆరు. టోపీ బిళ్ల ఒకటి. ఇంకా కిందకి, ఇంగ్లీషులో: జాడీ, పింగాణీ, ఖాళీ, ఒకటి.

దాన్ని నేను తెలుగులో చదివి వినిపిస్తుంటే నాయనమ్మ అక్కడ చెయ్యెత్తి ఆపింది. "ఖాళీ అని రాశారా? చూడు సరిగ్గా." అవును, అలాగే ఉంది అన్నాను. "అయితే మొత్తం తిన్నాడన్నమాట" అంది. ఆ జాబితా ఆవిడకి ఇంతకాలం ఎవరూ చదివి చెప్పలేదు. ఇంగ్లీషు కదా.

జాడీ ఏమైందని అడిగాను. నావైపు వింతగా చూసింది. వంటింట్లో పై అరలో ఉన్న ఆ గోధుమరంగు మూత జాడీయే అది. ఏటా గోంగూర అందులోనే పెట్టేది. చిన్నప్పుడు మేమందరం వేళ్లు పెట్టి నాకి తిట్లు తిన్నది దాని దగ్గరే.

నాయనమ్మ 2021లో పోయింది. పెట్టె నాకు ఇచ్చారు. ఉత్తరాలన్నీ చూసేశాను అనుకున్నాను గానీ, పట్టుచీర మడతలో ఇంకో చిన్న కట్ట ఉంది, రబ్బరు బ్యాండు కరిగి కాగితాలకి అంటుకుపోయింది. మనియార్డరు కూపన్లు. డబ్బు పంపేవాళ్లు కింద నాలుగు ముక్కలు రాయడానికి ఉండేదే, ఆ చీటీలు.

1962లో రక్షణ నిధికి ఊళ్లో ఆడవాళ్లు బంగారం ఇచ్చినప్పుడు ఆవిడ చేతి గాజులు రెండూ తీసి ఇచ్చేసిందని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ తరవాత మళ్లీ చేయించుకోలేదు. నేను పుట్టినప్పటి నుంచీ ఆవిడ చేతులకి మట్టిగాజులే చూశాను. తాతయ్య వరి అమ్మిన డబ్బుతో చేయిస్తానంటే వద్దందని, అదో పట్టుదల అని మా అత్తయ్యలు అనేవారు.

మొదటి కూపన్ మీద చిన్నతాత చేతిరాత, "గాజుల కోసం." రెండోదాని మీద, "ఇది గాజులకే వదినా, కిరాణా కొట్టుకి కాదు." మరో దానిమీద కాస్త పొడుగ్గా రాశాడు. గోల్డ్ కంట్రోల్ వచ్చి కొత్త నగలు 14 క్యారెట్లకి మించి చేయకూడదంటున్నారు కదా, ఆ ఇత్తడి మీకు వద్దు, అది ఎత్తేసేదాకా డబ్బు పోస్టాఫీసులో వేసి ఉంచండి అని. ఆ నిబంధన 1966లో తీసేశారు. ఆఖరి కూపన్ 1965 ఆగస్టుది. "ఇంకొక్కసారి పంపితే సరిపోతుంది."

కట్ట అడుగున పోస్టాఫీసు పాస్‌బుక్. వచ్చిన ప్రతి యాభైకీ ఒక ఎంట్రీ, ఆగస్టుతో ఆగింది. తీసినట్టు ఎక్కడా లేదు.

వెళ్లి కనుక్కుందామా అని నాన్నని అడిగాను. పాస్‌బుక్ తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని, పేజీ పేజీ చూశాడు. "వద్దులేరా, ఆవిడే తియ్యలేదు" అని మళ్లీ చీర మడతలో పెట్టేశాడు.